ఫలేసి కడుపులో రెండు మాటలు

మా ఫలేసి నోట్లో నువ్వుగింజ నానదని ఊరంతా అంటారు. నన్నడిగితే ఆ మాట తక్కువే. గింజ నానడం తర్వాతి సంగతి, అసలది లోపలికి పోవాలంటే ఆ నోరు ఒక్క క్షణమైనా మూతపడాలి గదా! పొద్దున్నే పొయ్యి రాజేసి మందాసి పిండి కలుపుతూ మొదలుపెట్టిన మాట, ఆఖరి ఉండ నూనెలోంచి తీసేదాకా సాగుతూనే ఉంటుంది. కొనేవాళ్లుంటే వాళ్లతో, లేకపోతే బాణలితో, బాణలి చల్లారితే ఎదురుగా నీలగిరి చెట్టు కింద సైకిళ్లు బాగుచేసుకునే నాతో.

నేను ఆమెకు మేనత్త కొడుకుని. మా ఫలోంబె వైపు బావామరదళ్లు ఎదురుపడితే ఒకరినొకరు ఏడిపించుకోకుండా పోవడం అమర్యాద. ఆ మర్యాద మేమిద్దరం చిన్నప్పట్నుంచీ తప్పకుండా పాటిస్తున్నాం.

ఫలేసి మొగుడు బిస్విక్ ములాంజె కొండ కింద టీ తోటల్లో పనికి వెళ్లి, అక్కడే దగ్గి దగ్గి పోయాడు. ఆ తర్వాత ఈమె మంచం పట్టింది. మంచం పట్టిందని మాటవరసకి అంటున్నాను గానీ, బిస్విక్ వైపు వాళ్లొచ్చి మంచం ఎత్తుకుపోయారు గనక చాప పట్టింది. ఎముకల గూడైపోయింది. నేనే నా సైకిల్ వెనక కూర్చోబెట్టుకుని, పడిపోకుండా ఆమె ఒంటికి చుట్టుకునే చితెంజె గుడ్డతోనే నా వీపుకి కట్టేసుకుని ఆసుపత్రికి తీసుకెళ్లాను. ఆ స్థితిలో కూడా దారంతా మాట్లాడింది.

"గోతులు చూసి తొక్కు బావా. చచ్చేదాన్నే గానీ, నడుం విరిగి చావదలుచుకోలేదు."

రక్తం చూసి హెచ్ఐవి అన్నారు. మాత్రలు మొదలుపెట్టారు. ఊళ్లో మాత్రం ఎవరికీ ఆశ లేదు. వడ్రంగి స్టెనాలా పరామర్శకి వచ్చి, కంటితోనే పొడుగూ వెడల్పూ కొలుచుకుని పోయి శవపెట్టెకి పలకలు కోసిపెట్టాడు. అవి ఎండుతున్నాయి, ఎండుతున్నాయి, ఈవిడ మాత్రం పోవడం లేదు. మెల్లగా లేచి కూర్చుంది. గంజి తాగింది. తర్వాత మొక్కజొన్న పిండితో వండిన న్సీమ ముద్ద తింది. తర్వాత పక్కింటివాళ్ల న్సీమ కూడా తింది. ఒకనాడు తిన్నగా నడుచుకుంటూ స్టెనాలా కొట్టుకి పోయింది. వాడు చేతిలో బాడిసె కింద పడేశాడు.

"నా పెట్టెకి పలకలు కోశావట గదరా తమ్ముడూ?"

"అబ్బే, ఎవరన్నారక్కా..."

"ఎవరంటేనేంలే. మంచి చెక్క, వృథా పోనివ్వకు. మందాసి అమ్ముకోవడానికి ఒక బెంచీ చేసిపెట్టు. కొలత మాత్రం కొంచెం మార్చు, అప్పటికంటే వెడల్పయ్యాను."

ఆ బెంచీ మీదే వ్యాపారం మొదలైంది. దాంతోపాటే ప్రచారమూ మొదలైంది. సంతలో, మినీబస్సులో, చర్చి మెట్ల మీద, నీళ్ల పంపు దగ్గర, "నాకు హెచ్ఐవి ఉంది, మాత్రలు వేసుకుంటున్నా, ఇదిగో చూడండి నా నడుం!" అని చెప్పని చోటు లేదు. ఒకసారి మినీబస్సు కండక్టరు భయపడిపోయి, "అమ్మా, నేనడిగింది టికెట్టు" అన్నాడు.

ఆసుపత్రిలో డోరిక అని ఒక నర్సు ఉండేది. మా దేశపు ఉత్తరం వైపు పిల్ల, గొంతు పెంచి ఎరగదు. ఆ అమ్మాయి ఫలేసిని పిలిచి, ఊళ్లల్లో తిరిగి మందులు మానేసినవాళ్లని మళ్లీ తీసుకురావడానికీ, కొత్తగా జబ్బు తెలిసినవాళ్లకి తోడుగా ఉండటానికీ మనిషి కావాలంది. ఆ మాట విని నేను చక్రం విప్పుతున్నవాణ్ని విప్పుతున్నట్టే ఆగిపోయాను.

"నిన్నా? రహస్యాలు దాచడానికి నిన్నా? కోడిని తీసుకెళ్లి గింజలకి కాపలా పెట్టినట్టుంది!"

"నవ్వు బావా, నవ్వు. నా సంగతే ఇంత ఉంది చెప్పుకోడానికి. నోరంతా నా గోలతోనే నిండిపోతే ఇంక మీ సంగతులకి చోటెక్కడ?"

అందులో ఎంత నిజముందో నాకు తర్వాత తెలిసింది. ఎందుకంటే నా మాట కూడా ఆమె దగ్గరే ఉంది. నేనూ మాత్రలు వేసుకునేవాణ్నే. ఆ నోట్లోంచి నా పేరు ఒక్కసారి కూడా జారలేదు. నేను చెప్పుకున్నాకే ఊరికి తెలిసింది.

కాకపోతే పని అంత తేలిగ్గా అబ్బలేదు. మెలిఫా అని వాగు అవతల ఒకామె, ఎవరో ప్రవక్త ప్రార్థన చేసి "నీకు నయమైపోయింది, మాత్రలు పారెయ్" అంటే పారేసింది. ఫలేసి వారం తిరక్కుండా వెళ్లేది. వెళ్లి చెప్పేది, చెప్పేది, చెప్పేది. చివరికి మెలిఫా ఈమె అడుగుల చప్పుడు వింటేనే వెనక గుమ్మంలోంచి చేనులోకి పోయేది. వానలు ముగిసేసరికి మెలిఫా లేదు. ఆమెని పూడ్చి వచ్చాక ఫలేసి కొన్నాళ్లు పొయ్యి వెలిగించలేదు. వెలిగించాక కూడా మందాసి అడిగినవాళ్లకి ఇచ్చి, చిల్లర చేతిలో పెట్టి ఊరుకునేది. ఆ నిశ్శబ్దం భరించలేక ఒకరోజు నేనే ఫలేసి మీద ఏదో పాడు జోకు వేశాను. కళ్లెత్తి చూసి, "నీ పంప్‌లో గాలి తగ్గింది బావా, ముందది చూసుకో" అంది. హమ్మయ్య అనుకున్నాను.

ఇంక అసలు సంగతికి వస్తాను. ఇది ఎవరి కథో ఆ మొగుడూ పెళ్లాలే మా అందరి ముందూ చెప్పుకున్నదీ, ఇప్పటికీ అడిగినవాళ్లకీ అడగనివాళ్లకీ చెబుతున్నదీ గనక నేనూ చెబుతున్నాను.

ఎజెలినా ఫలేసికి పెద్దమ్మ కూతురు, చెల్లెలి వరస. నెమ్మదైన మనిషి. చేలో కందులు పండించుకుంటుంది. ఆమె మొగుడు ఫ్రాక్సన్ మా చర్చి పాటల గుంపుకి మేస్త్రి. ఎండలు పేలిపోతున్నా కోటు విప్పడు, నేలకి నొప్పి పుడుతుందేమో అన్నట్టు నడుస్తాడు. మా దగ్గర మగవాడికి పెళ్లయితే పెళ్లాం ఊరికి వచ్చేస్తాడు. మేమందరం ఇల్లరికపు అల్లుళ్లమే. ఎన్నేళ్లున్నా, ఎంత బాగా పాడినా, పెళ్లాం అన్నదమ్ములకి కోపమొస్తే చాప చుట్టుకుని అమ్మ ఊరికి పోవాల్సిందే. ఎజెలినా అన్న గాడ్సన్‌కి కోపం ఎప్పుడూ ముక్కు మీదే ఉంటుంది.

ఒకనాడు ఎజెలినా కందులు చెరిగే చాట పట్టుకుని, అది ఊరికే అడ్డం పెట్టుకున్నదన్నమాట, ఫలేసి ఇంటికొచ్చింది. ఆసుపత్రిలో పరీక్ష చేయించుకుంది. ఉందన్నారు.

"అక్కా, ఆయనకి తెలిస్తే నా మొహం చూడడు. ఆయనకి పరువంటే ప్రాణం. ఒట్టెయ్, ఎవరికీ చెప్పనని."

ఫలేసి ఒట్టేసింది. మాత్రల సీసా గలగలమనకుండా లోపల కాస్త దూది కుక్కే ఉపాయం చెప్పింది. ఎజెలినా సీసాని కందుల కుండ అడుగున దాచింది.

నెల తిరగలేదు. ఫ్రాక్సన్ మందాసి కొనడానికొచ్చాడు. కొని తిన్నాడు. మళ్లీ కొన్నాడు. అందరూ వెళ్లిపోయేదాకా తింటూనే ఉన్నాడు. చివరికి కోటు మీద చక్కెర దులుపుకుని గొంతు సవరించుకున్నాడు.

"వదినా, నాకొక స్నేహితుడున్నాడు."

"ఉంటాడు మరిదీ, మంచివాడివి."

"అతనికి ఆసుపత్రిలో... అదే, నువ్వు చెబుతుంటావే... అది ఉందన్నారు."

"పాపం. ఆ స్నేహితుడికి పాటలొచ్చా?"

"కొద్దిగా వచ్చు."

"కోటు కూడా ఇలాగే ఉంటుందా?"

ఫ్రాక్సన్ బెంచీ మీద కూలబడ్డాడు. "ఎజెలినాకి తెలిస్తే ఊరుకోదు వదినా. ఆమె ఊరుకున్నా గాడ్సన్ ఊరుకోడు. నా చాప నా నెత్తిన పెట్టి పంపిస్తాడు. ఈ వయసులో నేనెక్కడికి పోను? ఒట్టెయ్."

ఫలేసి మళ్లీ ఒట్టేసింది. పాపం, ఏం చేస్తుంది? నర్సు డోరిక దగ్గరికి పరుగెత్తింది. డోరిక తన మెల్లని గొంతుతో, "ఎవరి మాట వాళ్లదే. నువ్వు చెప్పకూడదు. ఇద్దరినీ ఒకరితో ఒకరు చెప్పుకోమని మాత్రం పోరు" అంది.

"అమ్మా, నా కడుపు సంగతి నీకు తెలీదు. ఒక్క మాటే ఆగదు. ఒకే ఇంటివి రెండు మాటలు, పక్కపక్కన పెట్టుకుని ఎలా మొయ్యను?"

"తినండి" అంది డోరిక. "నోరు ఖాళీగా లేకపోతే మాట రాదు."

ఆ పిల్ల సరదాకి అంది. ఈమె మందులా పాటించింది. ఎజెలినా ఎదురైతే ఒక మందాసి, ఫ్రాక్సన్ ఎదురైతే ఒక మందాసి, ఇద్దరూ కలిసి ఎదురైతే రెండు బుగ్గల్లోనూ చెరొకటి. అమ్ముడయ్యేవాటి కంటే ఆమె తినేవే ఎక్కువైపోయాయి. నేను ఎదురుగా కూర్చుని చూస్తూ, "ఏమే, ఈమధ్య నీ నోరు మూతపడుతోంది. చచ్చిపోబోతున్నావా ఏం?" అనేవాణ్ని. ఆమె నోటినిండా పిండితో ఏదో అనేది. తిట్టని తెలిసేది గానీ ఏ తిట్టో తెలిసేది కాదు.

మా ఊరికి ఆసుపత్రి దూరం. వానాకాలంలో వాగు పొంగితే ఇంకా దూరం. అందుకని మేము ఆరుగురేసి గుంపుగా చేరి, నెలకొకరం వెళ్లి అందరి మాత్రలూ తెచ్చుకుంటాం. గుంపు కలిసినప్పుడు కందుల కూరో, చిల్వా చెరువు ఎండుచేపలో వండుకుంటాం, కష్టసుఖాలు చెప్పుకుంటాం. ఫలేసి కింద రెండు గుంపులుండేవి. ఫ్రాక్సన్ని మా గుంపులో వేసింది. ఎజెలినాని వాగు అవతలి గుంపులో వేసింది. దగ్గరున్న గుంపు వదిలేసి చెల్లెల్ని అంత దూరం ఎందుకు నడిపిస్తోందో మాలో ఎవరికీ తెలీదు, ఎందుకంటే ఎజెలినా గుంపులో ఉన్న సంగతే మాకు తెలీదు.

అయినా ఒకరోజు కొంప మునగబోయింది. ఫ్రాక్సన్ వంతు, ఎజెలినా వంతు ఒకే రోజు పడ్డాయి. ఫలేసి ఆసుపత్రి వరండాలో నిలబడి చూస్తే, ఈ పక్క గేటులోంచి మరిది వస్తున్నాడు, ఆ పక్క కాలిబాట మీద చెల్లెలు వస్తోంది. ఈమె వెళ్లి ఫ్రాక్సన్ రెక్క పట్టుకుని, పసిపిల్లల్ని తూచే గదిలోకి తోసి తలుపేసింది.

లోపల ఇరవైమంది తల్లులూ, అంతమంది పిల్లలూ. పిల్లల్ని ఒక్కొక్కరినీ సంచీలో కూర్చోబెట్టి, దూలానికి కట్టిన త్రాసుకి తగిలిస్తున్నారు. కోటు మనిషిని చూసి ఎవరో పెద్ద అధికారి తనిఖీకొచ్చాడనుకున్నారు. అందరూ లేచి నిలబడ్డారు. ఫ్రాక్సన్‌కి ఏం చెయ్యాలో తోచక, "కూర్చోండి, కూర్చోండి" అని చేత్తో సైగ చేశాడు. అంతే, నిజంగానే అధికారి అయిపోయాడు. ఒకామె పిల్లాణ్ని అతని చేతుల్లో పెట్టి, "అయ్యా, వీడు పెరగట్లేదు, చూడండి" అంది. వాడు గుక్కపట్టాడు. ఊరుకోబెట్టడానికి ఫ్రాక్సన్ పాటెత్తుకున్నాడు. తల్లులందరూ వంత పాడారు. బయట వరుసలో నిలబడ్డ ఎజెలినా చెవులు రిక్కించింది.

"అక్కా, ఆ గొంతు మా ఆయనది లాగా లేదూ?"

ఫలేసి చేతిసంచిలోంచి రెండు మందాసిలు తీసి, ఒకటి తన నోట్లోనూ ఒకటి చెల్లెలి నోట్లోనూ కుక్కింది.

ఒకరితో ఒకరు చెప్పుకోమని మాత్రం ఇద్దరినీ పోరుతూనే ఉంది. చివరికి ఫ్రాక్సన్ ధైర్యం చేశాడు. తిన్నగా కాదు, చుట్టు తిప్పి. అన్నం దగ్గర కూర్చుని, "ఎజెలినా, అవతలి ఊళ్లో ఒకాయనకి ఆ జబ్బుందట. పెళ్లానికి తెలిస్తే ఏమంటుందో పాపం" అన్నాడు. ఎజెలినా ఏమో, కుండలో సీసా చూసేశాడు, నన్ను పరీక్షిస్తున్నాడు అనుకుంది. అనుమానం రాకుండా ఉండాలని గొంతు పెంచి, "ఏమంటుంది? అలాంటివాళ్లని ఇంట్లో ఉంచుకుంటారా? చీపురు తిరగేసి తరుముతుంది!" అంది. జీవితంలో ఆమె అంత గట్టిగా మాట్లాడటం అదే మొదలు. ఫ్రాక్సన్ ముద్ద కంచంలో వదిలేసి చెయ్యి కడుక్కున్నాడు. అదీ వాళ్లిద్దరూ మనసు విప్పి మాట్లాడుకున్న తీరు.

ఆ భయంతో ఫ్రాక్సన్ తన సీసాని గడ్డి కప్పులోంచి తీసి చర్చి డోలులో దాచాడు. ఆ డోలు అతని ఇంట్లోనే ఉంటుంది, ఇంకెవరూ ముట్టుకోకూడదు. పక్కన పిడికిలి పట్టేంత కంత ఉంటుంది. సీసాకి పాత గుడ్డ చుట్టి అందులోంచి లోపలికి జారవిడిచాడు. ఆదివారం తీయడం మర్చిపోయాడు. పాట మొదలై డోలు మోగేసరికి గుడ్డ ఊడిపోయింది, ఫలేసి అతనికీ చెప్పి లోపల కుక్కించిన దూది ఏ మూలకో పోయింది. దభ్ మన్నప్పుడల్లా వెనకాలే గలగలమని కొత్త చప్పుడు! ఫ్రాక్సన్‌కి ముచ్చెమటలు పట్టాయి. జనానికి మాత్రం పూనకమొచ్చినంత పనైంది. ముసలమ్మలు కూడా లేచి చిందేశారు. పాస్టరుగారు, "మేస్త్రీ, ఈ గలగల ఎక్కణ్నుంచి తెచ్చావయ్యా? దేవదూతలు గజ్జెలు కట్టినట్టుంది" అన్నాడు. ముందు వరసలో ఫలేసి చితెంజె కొంగు నోట్లో కుక్కుకుని వణికిపోతోంది. భక్తి అనుకున్నాం.

మరుసటి ఆదివారం ఫ్రాక్సన్ జాగ్రత్తగా సీసా తీసేసి వచ్చాడు. పాట సగంలోనే జనం మొహాలు చూసుకున్నారు. "డోలుకి జలుబు చేసిందా?" అని ఎవరో అడిగారు. పాస్టరుగారు నొచ్చుకున్నాడు. ఇంక చేసేదేముంది, ఆ పై వారం నుంచి సీసా డోలులోనే ఉండిపోయింది. పక్క ఊళ్ల పాటగాళ్లొచ్చి డోలు చుట్టూ తిరిగి, చర్మం తట్టి, కొయ్య వాసన చూసి పోయేవారు. ఒకరు తమ డోలులో గులకరాళ్లు వేసుకున్నారట, చర్మం చిరిగిందట.

కందులు అమ్మే రోజులొచ్చాయి. కుండ ఖాళీ చెయ్యాలి, సీసాకి కొత్త చోటు కావాలి. ఎజెలినా ఇల్లంతా కలయజూసింది. ఈ ఇంట్లో ఎవరూ చెయ్యి పెట్టని చోటేది? ఫ్రాక్సన్ బయటికి పోగానే డోలు కంతలోకి చెయ్యి పెట్టింది. చేతికి సీసా తగిలింది.

సీసా పట్టుకుని పరుగున వచ్చింది ఫలేసి దగ్గరికి. నేను అప్పుడు చెట్టు కింద ఒక ట్యూబు నీళ్లలో ముంచి చూస్తున్నాను. మాటలు వినబడలేదు గానీ ఆమె చేతులు తిప్పడం చూశాను.

"అయిపోయిందక్కా! ఆయన నా సీసా పట్టేసి డోలులో దాచాడు. ఇంక పంచాయతీ పెట్టిస్తాడు!"

ఫలేసి నిదానంగా అడిగింది. "ఇది నీ సీసానా?"

"కాక?"

"మరి నీ కొంగులో మూటగట్టిందేమిటే?"

ఎజెలినా కొంగు వైపు చూసుకుంది. చేతిలోది చూసింది. మళ్లీ కొంగు చూసుకుంది. ఫలేసి గబగబా బాణలిలోంచి మందాసి తీసి నోట్లో పెట్టుకుంది. కాలుతోంది. అయినా ఉమ్మలేదు. కళ్లలోంచి నీళ్లు కారుతున్నాయి.

ఎజెలినాకి ముందు కోపమొచ్చింది. "ఇన్నాళ్లూ నాకొక్క ముక్క చెప్పకుండా! మొగుడేనా?" అంది. ఫలేసి నోట్లోది ఎలాగో మింగి, "నువ్వు చెప్పావా?" అంది. ఆ మాటకి ఎజెలినా బెంచీ మీద కూర్చుని, ఏడుస్తోందో నవ్వుతోందో తెలీకుండా చాలాసేపు ఊగిపోయింది. తర్వాత రెండు సీసాలూ కొంగున కట్టుకుని, చెంపలు తుడుచుకుని, ఏమీ జరగనట్టు ఇంటికి పోయింది. రెండూ డోలులో వేసేసింది.

ఆ ఆదివారం డోలు మోగిన మోత మా చర్చి ఎన్నడూ వినలేదు. గలగల మీద గలగల. పాస్టరుగారు కూడా చెప్పులు విడిచి అడుగేశాడు. ఫ్రాక్సన్ ఒక్కడే శవంలా వాయిస్తున్నాడు. ఎజెలినా పాడే ఆడవాళ్ల మధ్య నిలబడి అతని వైపే చూస్తూ, గొంతెత్తి పాడుతోంది. ప్రార్థన ముగియగానే అతను డోలు నెత్తిన పెట్టుకుని చర్చి వెనక్కి పోయాడు. అక్కణ్నుంచి తిన్నగా ఫలేసి ఇంటికి.

"వదినా, ఘోరం జరిగింది. నా సీసా పిల్లని పెట్టింది."

ఫలేసికి ఎక్కడ లేని దగ్గూ వచ్చింది. అంత కష్టంలో కూడా ఒట్టు తప్పలేదు మా మరదలు. "మరిదీ, పిల్లలు పుట్టాలంటే ఇద్దరుండాలి గదా. రెండోవాళ్లెవరో మీ ఇంట్లోనే కనుక్కో" అని మాత్రం అంది.

ఫ్రాక్సన్ ఇంటికి వెళ్లేసరికి ఎజెలినా కోడి కూర వండి పెట్టింది. పండగ కాదు, పబ్బం కాదు. రెండు లోటాల నీళ్లు పక్కపక్కన పెట్టి ఉన్నాయి.

"కొత్త తాళం ఎలా ఉంది మేస్త్రిగారూ?" అంది.

అతను కోటు విప్పాడట. పెళ్లయిన నాటి నుంచి పగటిపూట కోటు విప్పడం అదే మొదటిసారని ఎజెలినా చెబుతుంది. "అదేం కాదు, బాప్టిజం రోజు కూడా విప్పాను" అని అతను దిద్దుతాడు. ఇద్దరూ మాత్రలు వేసుకుని, కోడి కూర తిని, ఎవరి నుంచి ఎవరికి వచ్చిందని వాదులాడుకోవడం మొదలుపెట్టి, చీకటి పడేసరికి విసుగుపుట్టి మానేశారు. ఇద్దరికీ పెళ్లికి ముందు ఇంకో కాపురం ఉండేది. ఇంక తేల్చేదెవరు?

గాడ్సన్ మాత్రం తేలుస్తానన్నాడు. ఎలా తెలిసిందో తెలిసింది, కర్ర పట్టుకుని చెల్లెలి ముంగిట్లో నిలబడ్డాడు. "బావని ఇవాళే పంపించెయ్" అన్నాడు. ఎజెలినా, "పంపిస్తా. నన్ను కూడా ఆయనతో పంపించు. కంది చేను నువ్వే కోసుకో" అంది. గాడ్సన్ కర్ర ఇంకో చేతిలోకి మార్చుకున్నాడు. అప్పటికి ఫలేసి వచ్చేసింది. ఆమె ఎన్ని నెలల మాటలు మింగిందో, అన్నీ ఆ ముంగిట్లో కక్కింది. ఎండ ఒక గోడ నుంచి ఇంకో గోడకి మారింది. గాడ్సన్ కాసేపు నిలబడి విన్నాడు, తర్వాత కర్ర ఆనుకుని విన్నాడు, తర్వాత కూర్చున్నాడు, తర్వాత కర్ర తల కింద పెట్టుకుని పడుకున్నాడు. చివరికి, "అమ్మా తల్లీ, బావ ఉంటాడు, వందేళ్లుంటాడు, నువ్వు మాత్రం ఇంటికి పో" అన్నాడు. చాలాకాలం పాటు వాళ్లింట్లో మంచినీళ్లు ముట్టలేదు. కోత రోజుల్లో దాహమేసి ఒకసారి తాగాడు. ఏమీ కాలేదు. ఇప్పుడు అన్నం కూడా అక్కడే తింటున్నాడు, తిట్టుకుంటూ.

ఎజెలినా మా గుంపులోకి మారింది. డోలు ఇప్పుడు ఉత్త డోలే. పాస్టరుగారు నిజం తెలిశాక గులకరాళ్లతో ఒక సొరబుర్ర గిలక్కాయ చేయించి ఇచ్చాడు గానీ, ఆ మోత రాలేదంటారు జనం.

ఫలేసికి కాళ్లు వాస్తున్నాయి, మందాసి పుణ్యమే. దూరపు ఊళ్లకి ఎజెలినా వెళుతోంది ఆమె బదులు. ఎజెలినా పద్ధతి వేరు. వెళుతుంది, మానేసిన మనిషి పక్కన చాప మీద కూర్చుంటుంది, వాళ్ల కందులు వొలుస్తుంది, ఏమీ మాట్లాడదు. రెండోసారి కూడా అంతే. మూడోసారికి వాళ్లే మాట్లాడతారు. ఫలేసికి ఇది బొత్తిగా మింగుడు పడటం లేదు. "నోరు తెరవకుండా మనిషి బాగుపడతాడా? ఇదేం వైద్యం?" అని రోజూ నా దగ్గర గొణుగుతుంది.

మొన్న మంగళవారం వాగు అవతల ఒక చిన్న వయసు పిల్ల, ఒళ్లో బిడ్డతో, మాత్రలు మానేసి తలుపేసుకుని కూర్చుందని తెలిస్తే, ఫలేసి తానూ వస్తానని పట్టుబట్టి ఎజెలినాతో బయల్దేరింది. సాయంత్రం తిరిగొచ్చి కాళ్లు చాపుకుని బెంచీ మీద కూర్చుంది. మొహం ముడుచుకునే ఉంది.

"ఏమైందే?" అన్నాను.

"ఏమవుతుంది బావా? పొద్దున్నుంచి సాయంత్రం దాకా కందులు వొలిచాం. నేను నోరు తెరిచినప్పుడల్లా మా చెల్లెలు నా చేతిలో ఇంకో దోసెడు పోసింది. వేళ్లు చూడు ఎలా పచ్చబడ్డాయో."

"మరి ఆ పిల్ల?"

"ఆ పిల్లా? శుక్రవారం ఆసుపత్రికి వస్తానంది" అని, వేళ్లు కొంగుకి తుడుచుకుంటూ, "బిడ్డ భలే ముద్దుగా ఉన్నాడులే" అంది.